చదరపు అడుగుకి ఎంత?

కొత్త క్లయింటు ఆఫీసులోకి వస్తాడు. మంచినీళ్ళు తాగి, గోడ మీది ఫొటోలు చూసి, స్థలం కాగితాలు బల్ల మీద పరుస్తాడు. పది నిమిషాలు గడవకముందే ఆ ప్రశ్న రానే వస్తుంది: "చదరపు అడుగుకి ఎంత తీసుకుంటారండీ?"

హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, కరీంనగర్‌లోనైనా ఇదే ప్రశ్న. అడగడంలో తప్పేమీ లేదు. టైల్స్‌కీ, పెయింటింగ్‌కీ, సెంట్రింగ్‌కీ అన్నిటికీ ఆయన అడుగుల లెక్కనే రేటు విన్నాడు. ఆర్కిటెక్టుకి వేరే లెక్క ఉంటుందని ఆయనకి చెప్పినవాళ్ళెవరు? చిక్కల్లా మన జవాబుతోనే. మనం నోరు జారి ఒక అంకె చెప్పామంటే, ఇక అక్కణ్ణుంచి మాటలన్నీ ఆ అంకె చుట్టూనే. మనం నూట పది అంటాం. వాళ్ళ తోడల్లుడికి ఎవరో ముప్ఫైకే గీసిచ్చారని ఆయన అంటాడు. ముప్ఫైకి ఏమొచ్చిందో, నూట పదికి ఏమొస్తుందో ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు. చివరికి డెబ్భై దగ్గర తెగుతుంది. ఎక్కువిచ్చానని ఆయనకీ, తక్కువకి ఒప్పుకున్నానని మనకీ పని మొదలవకముందే గుర్రు.

నా ఉద్దేశంలో ఆర్కిటెక్టు బేరం ఆడాల్సింది పని మీద. ఏ పని, ఎంత పని, ఎప్పటిలోగా, మధ్యలో మారితే ఎలా, ఎవరి మాట ఖాయం అన్నవి తేలితే ఫీజు తేలడం పెద్ద కష్టం కాదు. ఇవి తేల్చుకోకుండా ఫీజు మాత్రం తేల్చుకుంటే ఆ ఇల్లు పూర్తయ్యేదాకా ప్రతి సోమవారం బేరమే.

ఐదేళ్ళ బి.ఆర్క్‌లో ప్రొఫెషనల్ ప్రాక్టీస్ అని ఒక పేపరు ఉంటుంది. అగ్రిమెంటు నమూనాని పరీక్ష కోసం ఒకసారి చూస్తాం, అంతే. అంతకన్నా పెద్ద నష్టం జ్యూరీ చేసింది. షీట్లు గోడకి అంటించి, ఎదురుగా కూర్చున్నవాళ్ళు అడిగిన ప్రతిదానికీ ఎదురు చెప్పడం ఐదేళ్ళు అలవాటు చేసుకున్నాం. అదే అలవాటుతో క్లయింటు ముందు కూర్చుంటాం. ఆయన "కిటికీ పెద్దదైందేమో" అంటే వెంటనే గాలీ వెలుతురూ మీద ఉపన్యాసం అందుకుంటాం. ఆయనకి పక్కింటివాళ్ళ చూపు పడుతుందని భయం. ఆ సంగతి అడిగితే చెప్పేవాడు. అడగలేదు కాబట్టి కిటికీ చిన్నదైపోయింది.

మొదటి రోజు

"చదరపు అడుగుకి ఎంత?" అంటే దాటవేయకండి. దాటవేస్తే ఏదో దాస్తున్నారనుకుంటారు. "చెప్తానండీ, ఎల్లుండికల్లా కాగితం మీద రాసిస్తాను. దానికి ముందు మీ దగ్గర కొన్ని సంగతులు తెలుసుకోవాలి" అనండి. ఎవరెవరు ఉంటారు, సైటు దగ్గర రోజూ ఉండేదెవరు, మెటీరియల్ మీరే కొంటారా కాంట్రాక్టరుకి మొత్తం అప్పగిస్తారా, ఇప్పుడుంటున్న ఇంట్లో మీకు నచ్చనిదేమిటి? ఈ చివరి ప్రశ్న దగ్గర, అప్పటిదాకా పక్కన ఊరికే కూర్చున్న ఆయన భార్య మాట్లాడటం మొదలుపెడతారు. అప్పటిదాకా స్థలం కాగితాలు పట్టుకుని మాట్లాడింది ఆయన. ఇంట్లో ఖాయం చేసేదెవరో అక్కడే తెలిసిపోతుంది.

మొదటి రోజే ట్రేసింగ్ పేపరు తీసి గీసేయడం మనవాళ్ళకున్న రోగం. చెయ్యి ఊరుకోదు. స్థలం దక్షిణం ముఖం అనగానే బుర్రలో ప్లాను కదులుతుంది, పెన్సిలు కదులుతుంది. ఆ కాగితం ఫొటో అయ్యి సాయంత్రానికల్లా మేస్త్రీ ఫోన్లో ఉంటుంది. మనం అమ్మదలచుకున్నదాంట్లో ముఖ్యమైన ముక్క ఉచితంగా వెళ్ళిపోయాక, మిగిలిన డ్రాయింగులకి ఆయన దృష్టిలో విలువేముంటుంది? మాట్లాడండి, స్థలం చూసి రండి, మీరు కట్టించిన ఇంటికి తీసుకెళ్ళి అక్కడుంటున్నవాళ్ళతో మాట్లాడించండి. పెన్సిలు మాత్రం సంతకం అయ్యాకే.

షరతులు ముందే చెప్పడం మొహమాటపడాల్సిన విషయమేమీ కాదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ యాక్టు కింద 1989లో వచ్చిన వృత్తి ప్రవర్తన నియమాల్లోనే ఈ మాట ఉంది. నియామక షరతులూ ఫీజు వివరాలూ క్లయింటుకి తెలియజేసి, వాటి ఆధారంగానే పని ఒప్పుకోవాలి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఇచ్చిన నమూనాలో కూడా ఫీజు దశలవారీగానే ఉంటుంది. నియామకం రోజు కొంత, కాన్సెప్టుకి కొంత, అనుమతి డ్రాయింగులకి, వర్కింగ్ డ్రాయింగులకి, ఆ తర్వాత కట్టడం సాగినకొద్దీ మిగతాది. "ఇది మా కౌన్సిల్ పద్ధతండీ" అంటే మన సొంత గొంతెమ్మ కోరికలా వినిపించదు.

అంకె ముందు ఎవరు చెప్పాలన్నది ఎప్పుడూ ఉండే చర్చ. అవతలివాళ్ళ చేత చెప్పించాలని చాలా పుస్తకాలు రాస్తాయి. ఆర్కిటెక్టు విషయంలో నేను ఒప్పుకోను. క్లయింటు బుర్రలో తోడల్లుడి ముప్ఫై రూపాయలు అప్పటికే కూర్చుని ఉంది. మీ అంకె, దాని కింద మీ పనుల జాబితా, ఆయన చేతికి ముందు అందాలి. జీఎస్టీ 18 శాతం వేరే అని అందులోనే రాయండి. కంపెనీ క్లయింట్లయితే 10 శాతం టీడీఎస్ పట్టుకునే ఇస్తారు. నోటితో అనుకున్నదానికీ బ్యాంకులో పడేదానికీ తేడా మొదటి రోజే తెలిసుండాలి.

తగ్గించమంటే

ఒక ఉదాహరణ తీసుకుందాం. 300 గజాల స్థలం, మూడంతస్తులు, మొత్తం 4,500 చదరపు అడుగులు. అడుగుకి 2,200 రూపాయల చొప్పున కట్టుబడి 99 లక్షలు. మీరు ఐదు లక్షల ఫీజు రాసిచ్చారు. ఎదురుగా రిటైరైన బ్యాంకు మేనేజరు గారూ, ఆయన భార్యా. ఆయన జీవితమంతా లోను అడిగినవాళ్ళ చేత అంకెలు తగ్గింపజేసినవాడు.

"ఐదు ఎక్కువ బాబూ. మూడున్నర చేసుకోండి."

ఇక్కడ "నాలుగున్నర చేస్తాను సార్" అన్నారో, ఆ యాభై వేలు ఉత్తుత్తివని మీరే ఒప్పుకున్నట్టు. ఇంకో యాభై కూడా అలాంటివే అయ్యుంటాయని ఆయన అనుకోవడంలో న్యాయముంది. బదులుగా కాగితం ఆయన వైపు తిప్పండి.

"మూడున్నరలోకి తేవచ్చు సార్. ఇందులోంచి ఏమేం తీసేద్దామో మీరే చూడండి. సైటుకి ఇరవైసార్లు వస్తానని రాశాను, ఒక్కోదానికి ఐదు వేలు. ఫాల్స్ సీలింగ్ డ్రాయింగులు ముప్ఫై వేలు. కిచెన్, వార్డ్‌రోబుల డ్రాయింగులు అరవై. ఎలక్ట్రికల్, ప్లంబింగ్ మాత్రం తీయను సార్. అవి లేకపోతే శ్లాబు అయ్యాక గోడలు పగలగొట్టుకుంటారు."

"కిచెన్ తీయొద్దండీ," అని ఆవిడ అంటారు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదువుతారు. ఫాల్స్ సీలింగ్ మా ఇంట్లో ఎందుకు అంటారు. మా మేనల్లుడు ఇంజనీరు, సైటు చూసుకుంటాడు, మీరు పద్నాలుగుసార్లు వస్తే చాలు అంటారు. ముప్ఫై వేలు అక్కడ, ముప్ఫై వేలు ఇక్కడ. నాలుగు లక్షల నలభై వేల దగ్గర సంతకం అవుతుంది. మీ ఫీజు తగ్గింది, పనీ తగ్గింది. ఆయనకి తగ్గించానన్న తృప్తి దక్కింది. అన్నిటికన్నా ముఖ్యం, ఏ డబ్బు ఏ పనికో ఆయనకి తెలిసింది. పదిహేనోసారి సైటుకి రమ్మన్నప్పుడు "ఐదు వేలు కదా" అని ఆయనే అంటారు.

ఈ పద్ధతి సాగాలంటే ఒక షరతుంది. పని వదులుకోగలిగిన స్థితిలో మీరుండాలి. హార్వర్డ్ వాళ్ళు రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో రాసిన 'గెటింగ్ టు యెస్' పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. అందులో కీలకమైన మాట ఇదే. చర్చ తెగిపోతే మన చేతిలో ఏం మిగులుతుందో అదే మన బలం. ఆరుగురు పనిచేసే ఆఫీసుకి ఆ బలం మూడు నెలల జీతాలు బ్యాంకులో ఉండటం. అది కుదరనివాళ్ళు కనీసం జీతాల వారంలో ఫీజు మాట్లాడకండి. నవ్వులాటకి చెప్పడం లేదు. ముప్ఫయ్యో తేదీన ఒప్పుకున్న రేటుకీ పదో తేదీన ఒప్పుకున్న రేటుకీ తేడా ఏ ఆఫీసు ఫైళ్ళు తిరగేసినా కనబడుతుంది.

చుట్టాల సంగతి రెండు మాటల్లో. పూర్తి ఫీజు, లేదంటే పూర్తిగా ఉచితం. ఉచితమైతే విలువ రాసి "గృహప్రవేశానికి మా కానుక" అని ఇవ్వండి. సగం రేటు అనేది మాత్రం వద్దు. సగం రేటు చుట్టం పూర్తి రేటు క్లయింటు కన్నా రెండింతలు ఫోన్ చేస్తాడు.

క్లయింట్లు ఫీజు మీద అంత గట్టిగా పట్టుబట్టడానికి మనం బయటికి మాట్లాడని కారణం ఒకటుంది. టైల్స్ షాపులోనూ, శానిటరీ షాపులోనూ మనకి కమీషన్ ముడుతుందని వాళ్ళ అనుమానం. ఆ అనుమానానికి మన వృత్తిలో కొందరు చేసిన సేవ తక్కువేం కాదు. "వీళ్ళకి ఎలాగూ అక్కడ వస్తుంది, ఇక్కడ తగ్గిస్తే ఏం" అన్నది ఆయన మనసులో లెక్క. 1989 నియమాలు ఇలాంటి కమీషన్లని ఒప్పుకోవు. ఆ మాట ప్రపోజల్ మొదటి పేజీలోనే రాయండి: "ఏ షాపు నుంచీ, ఏ కాంట్రాక్టరు నుంచీ మేం ఏమీ తీసుకోం. డిస్కౌంటు ఏదైనా వస్తే అది మీదే." ఈ వాక్యం రాసిన కాగితం మీద బేరం మెత్తబడుతుంది. రాసినందుకు దాని మీద నిలబడాలి కూడా.

గదిలో లేనివాళ్ళు

బేరం కుదిరింది అనుకున్నాక తెగిపోవడానికి ఎక్కువగా కారణం గదిలో లేని మనిషి. డబ్బు పంపేది డాలస్‌లో ఉన్న కొడుకు. స్థలం తండ్రి పేరు మీద. ముహూర్తం చూసేది ఊళ్ళో ఉన్న పెదనాన్న గారు. మీరు మూడు వారాలు తండ్రిగారితో కూర్చుని ఖాయం చేసిన ప్లాను, కొడుకు ఒక్క వాయిస్ మెసేజితో పోతుంది. అలాంటి ఇంటికి మొదటి మీటింగే ఆదివారం రాత్రి ఏడింటికి పెట్టండి, వాళ్ళకది పొద్దున. అందరి ముందూ ఒక్కటే అడగండి: "ఇద్దరి మాటా కలవకపోతే నేను ఎవరి మాట మీద గీయాలి?" కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని మీరు నింపకండి. వాళ్ళే ఒక పేరు చెప్తారు. దాన్ని ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి.

రెండో మనిషి వాస్తు సిద్ధాంతి. ఆయన్ని మన వాళ్ళు శత్రువు కింద లెక్కేస్తారు. ప్లాను మొత్తం అయ్యాక ఆయన దగ్గరికి వెళ్తే ఆయన చేయగలిగిందల్లా తప్పులు పట్టడమే. ఎర్ర పెన్ను చేతికిచ్చి గీయొద్దంటే ఎలా? స్కెచ్ మొదలవకముందే క్లయింటుతో కలిసి ఆయన దగ్గరికి వెళ్ళండి. ఇందులో తప్పనిసరివేవి, ఉంటే మంచివేవి అని రెండు వరసల్లో చెప్పించుకోండి. ఈశాన్యంలో బరువు వద్దు, టాయిలెట్ వద్దు. వంట ఆగ్నేయంలో. పెద్దవాళ్ళ పడకగది నైరుతిలో. ఇంతవరకు అందరూ చెప్పేవే, చాలామటుకు ఎండకీ గాలికీ కూడా అడ్డం రావు. మీ ప్లాను చావుబతుకులు ఆ రెండో వరసలో ఉంటాయి. అక్కడ సిద్ధాంతి చాలా ఉదారంగా ఉంటారు, ముందు అడిగినవాళ్ళతో.

మెట్లే తీసుకోండి. అంతస్తు ఎత్తు పది అడుగుల ఆరు అంగుళాలు, అంటే 126 అంగుళాలు. మెట్టు ఏడంగుళాల ఎత్తున పెడితే సరిగ్గా 18. సరి సంఖ్య, సిద్ధాంతి తల అడ్డంగా ఊపుతారు. బేసి ఎందుకని వాదిస్తే ఆ పూట వృథా. 17 చేస్తే మెట్టు ఏడున్నరకి దగ్గరవుతుంది, బామ్మగారి మోకాళ్ళు ఒప్పుకోవు. 19 చేస్తే ఆరున్నర పైన కాస్త, ఎక్కడానికి హాయి, కాకపోతే ఒక వరస పది అంగుళాలు పొడవవుతుంది. ఈ లెక్కలు మూడూ కాగితం మీద పెట్టి, "పంతులు గారూ, పది అంగుళాలు కావాలి. హాల్లోంచి తీసుకోమంటారా, స్టోర్‌లోంచా?" అని అడగండి. ఇప్పుడు ఆయనా మీ పక్కనే కూర్చుని ప్లాను చూస్తున్నారు. స్టోర్‌లోంచి తీయమంటారు. ఇంకో సంగతి. కింది నేలనీ పై నేలనీ మెట్ల కింద లెక్కిస్తారో లేదో సిద్ధాంతికీ సిద్ధాంతికీ తేడా. కాంక్రీటు పోసే ముందు ఆయన ఎలా లెక్కపెడతారో అడగండి.

రెండు పక్షాల పట్టుదలల వెనకాల ఏముందో చూడటానికి మన దేశంలో చండీగఢ్‌ని మించిన ఉదాహరణ లేదు. 1950లో పంజాబ్ అధికారులు పి.ఎన్. థాపర్, పి.ఎల్. వర్మ కొత్త రాజధానికి ఆర్కిటెక్టుని వెతుక్కుంటూ యూరప్ వెళ్ళారు. అప్పటికే ఆల్బర్ట్ మేయర్ ప్లాను ఉంది. ఆయనతో పనిచేస్తున్న మాథ్యూ నోవిట్స్కీ ఆ ఏడాదే విమాన ప్రమాదంలో పోయాడు. వీళ్ళకి స్థలం దగ్గర కాపురముండి పనిచేసేవాళ్ళు కావాలి. లె కార్బూజియే పారిస్ ఆఫీసు వదిలి రానన్నాడు. వస్తావా రావా అన్న దగ్గరే పట్టుబట్టి ఉంటే అక్కడితో ఆగిపోయేది. చివరికి ఆయన సలహాదారుగా ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి నెల చొప్పున రావడం, పియరీ జనరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ మూడేళ్ళ ఒప్పందం మీద ఇక్కడే ఉండి పనిచేయడం అని కుదిరింది. అధికారులకి కావాల్సింది రోజూ సైటులో జవాబు చెప్పే మనిషి. కార్బూజియేకి కావాల్సింది డిజైన్ మీద తన మాట. మీ క్లయింటు "మీరు రోజూ సైటుకి రావాలి" అన్నప్పుడు ఆయన భయపడేది కూడా మేస్త్రీ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు ఉండరనే. రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ ఎత్తే ఒక జూనియర్ని చూపించండి. ఆ కోరిక చాలామటుకు తీరుతుంది.

ముహూర్తం

ఇక మన దగ్గర అన్నిటికన్నా కష్టమైన బేరం తేదీ మీద. "శ్రావణంలో మంచి ముహూర్తం ఉంది, పునాది వేసేద్దాం, డ్రాయింగులు మెల్లిగా చూసుకోవచ్చు." ఇది విని సరే అన్నవాళ్ళు సిడ్నీ ఒపేరా హౌస్ కథ తెలుసుకోవాలి. 1957లో పోటీ గెలిచిన డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జాన్‌కి పైకప్పు గవ్వల ఆకారాన్ని ఎలా కట్టాలో ఇంకా తేలలేదు. అక్కడి ప్రీమియర్ జో కాహిల్‌కి మాత్రం రాజకీయంగా వ్యవధి లేదు. 1959 మార్చిలో పని మొదలుపెట్టించాడు. కప్పు లెక్కలు తేలాక చూస్తే, అప్పటికే వేసిన కింది స్తంభాలు ఆ బరువు మోయవు. వాటిని మళ్ళీ కట్టాల్సి వచ్చింది. 70 లక్షల డాలర్ల అంచనాతో మొదలైనది 10 కోట్ల 20 లక్షల దగ్గర ముగిసింది.

ఖర్చు పెరిగినకొద్దీ ఆర్కిటెక్టు మాటకి బలం తగ్గింది. 1965లో కొత్త ప్రభుత్వం వచ్చింది. పబ్లిక్ వర్క్స్ మంత్రి డేవిస్ హ్యూస్ ఫీజు చెల్లింపులు ఆపడం మొదలుపెట్టాడు. లోపలి హాళ్ళకి కావాల్సిన ప్లైవుడ్ నమూనాలకి డబ్బు విడుదల చేయలేదు. 1966 ఫిబ్రవరిలో ఉట్జాన్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. 1973లో ఎలిజబెత్ రాణి ఆ భవనాన్ని ప్రారంభించింది. ఉట్జాన్ 2008లో పోయేదాకా పూర్తయిన ఆ కట్టడాన్ని కళ్ళారా చూడలేదు. ఆయన పంతం గురించీ మంత్రి మొండితనం గురించీ ఎన్నో పుస్తకాలొచ్చాయి. నాకు కనిపించేది మాత్రం 1959 మార్చి. తొందరపెట్టిన కాహిల్ ఆ ఏడాదే చనిపోయాడు. ఆ తొందరకి జవాబు చెప్పుకోవడం ఆర్కిటెక్టుకి మిగిలింది.

మీ క్లయింటుతో ముహూర్తం వద్దనకండి. అది మీరు గెలవలేని యుద్ధం, గెలవాల్సిన అవసరమూ లేదు. శంకుస్థాపన వేరు, ఫుటింగులు వేరు. "తప్పకుండా ఆ రోజే పూజ చేసుకుందాం. ఈశాన్యం మూల ఒక్క గుంట తవ్వుదాం. స్ట్రక్చరల్ డ్రాయింగులు రాగానే, ఇరవై రోజుల్లో, మిగతా తవ్వకం." పెద్దవాళ్ళకి కావాల్సింది ఆ ఘడియలో భూమి పూజ జరగడం. జేసీబీ కూడా అదే రోజు రావాలని ఏ పంచాంగంలోనూ ఉండదు.

చిన్న మార్పు

"చిన్న మార్పండీ" అన్నది ఈ వృత్తిలో అత్యంత ఖరీదైన మాట. టాయిలెట్ అటు పక్కకి జరపడం క్లయింటుకి పెన్సిలుతో చెరిపి గీసినంత. మీ ఆఫీసుకి అది సంకెన్ శ్లాబు, బీము, పైపు షాఫ్టు, పైన రెండంతస్తులు, ఎలక్ట్రికల్ డ్రాయింగు, మళ్ళీ స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఫోను. ఈ సంగతి మొహం చిట్లించి చెప్తే గొడవ. నవ్వుతూ చెప్పే పద్ధతి ఉంది: "చేద్దామండీ. దీనికి ఏయే డ్రాయింగులు మారతాయో, ఎన్ని రోజులు పడుతుందో రేపు రాసి పంపిస్తాను. చూసి సరే అంటే మొదలుపెడతాం." సగం మార్పులు ఆ రాతతోనే ఆగిపోతాయి. మిగతా సగానికి డబ్బు వస్తుంది. అగ్రిమెంటులో మూడుసార్లు మార్పులు ఫీజులోనే అని ముందే రాసుంటే, నాలుగోదాని గురించి మాట్లాడటం ఇంకా తేలిక.

సైటులో మేస్త్రీతో బేరం వేరే రకం. ఓనరు ముందు మేస్త్రీని కేకలేశారంటే ఆ రోజుకి గెలుస్తారు, ఆ తర్వాత మీరు లేని ప్రతిరోజూ ఓడిపోతారు. పక్కకి పిలిచి అడగండి. శ్లాబు రెండంగుళాలు కిందికి దించాడంటే కారణం ఉంటుంది. సరుగుడు బాదులు ఆ పొడవుకే కోసి ఉన్నాయేమో, సెంట్రింగ్ షీట్ల కొలత కుదరలేదేమో. కారణం తెలిస్తే ఒక్కోసారి డ్రాయింగే మారుస్తారు, ఒక్కోసారి బాదులు మార్పిస్తారు.

బిల్డర్లు

బిల్డరు బేరం మాత్రం ముదురు బేరం. ఆయన రోజూ ఇదే పని చేస్తాడు. "ముందు ఇది తక్కువలో చేసి పెట్టండి సార్, వెనకాల ఇంకా ఐదు ప్రాజెక్టులున్నాయి." ఆ ఐదూ నిజమే అయ్యుండొచ్చు. మీ జవాబు: "చాలా సంతోషం. ఇది పూర్తి ఫీజుకి చేద్దాం. రెండోదానికి 10 శాతం తగ్గిస్తాను, మూడోదానికి 15. ఇప్పుడే రాసుకుందాం." నిజంగా పనులున్న బిల్డరు సంతకం పెడతాడు. ఫీజు బదులు ఫ్లాటులో సర్దుతాననేవాళ్ళతో నాకు ఒకటే సలహా ఉంది, వద్దు. మీకు రావాల్సిన డబ్బుతో ఆయన ప్రాజెక్టు మీరే నడుపుతున్నట్టు అవుతుంది.

బేరానికి పెట్టకూడనివి రెండున్నాయి. ఒకటి అనుమతి ప్లాను ఒకలా, సైటు ప్లాను ఒకలా గీయడం. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. స్థలం సైజు, రోడ్డు వెడల్పు, ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ ఇవే అదుపు. అందుకే ఒత్తిడంతా ఆ మూడడుగుల ఖాళీ మీదే. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇస్తోంది. ధ్రువీకరణ మీద ఉన్న పేర్లే తర్వాత నోటీసు మీదా ఉంటాయి. రెండోది రెరా సర్టిఫికెట్. కొనుగోలుదార్ల దగ్గర వసూలైనదాంట్లో 70 శాతం వేరే ఖాతాలో ఉండాలి. అందులోంచి తీయాలంటే పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ సర్టిఫై చేయాలి. నెలాఖరున ఫోన్ వస్తుంది: "సార్, ఒక శ్లాబు ఎక్కువ రాయండి, బుధవారం ఎలాగూ పడుతుంది."

"పడ్డవే రాస్తాను సార్, అందులో నా చేతిలో ఏం లేదు. కానీ బుధవారం శ్లాబు అవనివ్వండి, గురువారం పొద్దున ఏడింటికి నేనే సైటుకొచ్చి చూసి అక్కడే సంతకం పెట్టి ఇస్తాను."

రాసేదాంట్లో వెంట్రుకవాసి జరగలేదు. టైములో మాత్రం ఆయన అడగనంత ఇచ్చారు. గట్టిగా నిలబడాల్సిన చోట నిలబడుతూ, పక్కనున్న దేన్నో ధారాళంగా ఇవ్వడం బిల్డర్ల దగ్గర బాగా పనిచేస్తుంది. వాళ్ళు డబ్బుకన్నా రోజులకి ఎక్కువ భయపడతారు.

చివరి వాయిదా

గృహప్రవేశం అయ్యాక ఆర్కిటెక్టు గుర్తుండడు. చెడ్డతనం ఏం లేదు. పాలు పొంగాయి, చుట్టాలొచ్చారు, కర్టెన్లకీ ఇన్వర్టరుకీ అనుకున్నదానికన్నా ఎక్కువైంది, చేతిలో డబ్బు లేదు. అందుకని ఆ రోజు తర్వాత వచ్చే వాయిదా 5 శాతానికి మించి ఉంచకండి. పెద్ద వాయిదాలు డ్రాయింగులు చేతికిచ్చే దశల్లో పెట్టండి. వర్కింగ్ డ్రాయింగుల సెట్టు అందే రోజుకి మొత్తం ఫీజులో సగం దాటి ముట్టి ఉండాలి. ఆ సెట్టు మీద క్లయింటుకి ఎంత అవసరం ఉందో అంత అవసరం ఆ తర్వాత ఇంకెప్పుడూ రాదు.

కంపెనీ క్లయింట్లు, బిల్డర్లు బిల్లు నానబెడితే అడుక్కోనక్కర్లేదు. మీ ఆఫీసు ఉద్యమ్ పోర్టల్లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం మీకు వర్తిస్తుంది. ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. వినకపోతే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. నమోదుకి రుసుము లేదు, ఆధార్, పాన్ ఉంటే కూర్చున్న చోటే అయిపోతుంది. పని ఒప్పుకోకముందే చేయించుకుని, ఆ నంబరు మీ ప్రపోజల్ మీదా ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించండి. బెదిరించడానికి ఒక్క మాట అనక్కర్లేదు. అవతల బిల్లు చూసే అకౌంటెంటుకి ఆ నంబరంటే ఏమిటో తెలుసు.